తొందరపెట్టిన మందు

పొడి కరగడం లేదు.

1962. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ ఊరు. ఏ వీధి చివర నిలబడి చూసినా ఆల్ప్స్ కొండలు అడ్డంగా కనిపిస్తాయి. ఆ కొండల నీడలో బెర్తియే అనే చిన్న మందుల ల్యాబొరేటరీ. పియెర్ ఎమార్ అనే కుర్ర పరిశోధకుడి చేతిలో కెల్లిన్ అనే మొక్క పదార్థం నుంచి తయారుచేసిన కొత్త పొడులున్నాయి. మందుగా పనికొస్తాయో లేదో తేల్చాలి. తేల్చాలంటే జంతువుల ఒంట్లోకి ఎక్కించాలి. ఎక్కించాలంటే ముందు అవి కరగాలి. కరగనంటున్నాయి.

ల్యాబ్‌లో పెద్దవాడు మ్యూనియే ఒక సలహా ఇచ్చాడు. అక్కడ ఇలాంటి మొండి పదార్థాల్ని కరిగించడానికి వాడే ద్రవం ఒకటుంది. రంగు లేదు. ఓ మోస్తరు ఘాటు వాసన. పేరు వాల్‌ప్రోయిక్ యాసిడ్. 1882లో బర్టన్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త తొలిసారి తయారుచేసినప్పటి నుంచీ దానికి వేరే ఉద్యోగం లేదు. ఎనభై ఏళ్లుగా పక్కవాణ్ని కరిగించడమే పని. పొడిని అందులో కలిపారు. కరిగింది.

ఇక పరీక్ష. ఫిట్స్ తెప్పించే రసాయనం ఎక్కిస్తే జంతువులు కొట్టుకోవాలి. కొట్టుకోలేదు! కొత్త పొడి పనిచేస్తోందన్నమాట. ఇంకో పొడి కలిపి చూశారు. అదీ పనిచేసింది. పొంతన లేని మరో పదార్థాన్ని కలిపారు. అదీ అంతే. ఒకదానికొకటి చుట్టరికమే లేని పదార్థాలన్నీ ఒకే పని చేస్తుంటే సంతోషం పోయి అనుమానం మొదలైంది. అన్నిటిలోనూ ఉన్నది ఒక్కటే. పొడులన్నీ పక్కన పెట్టి, ఆ ద్రవాన్ని ఒంటరిగా ఎక్కించారు.

ఫిట్స్ రాలేదు.

1963లో ఆ సంగతి అచ్చయింది. మరుసటి ఏడాదే జార్జ్ కరాజ్ అనే డాక్టరు దాన్ని రోగుల మీద వాడి చూశాడు. 1967కల్లా ఫ్రాన్స్ మందుల షాపుల్లోకి వచ్చేసింది. అప్పటిదాకా మూర్ఛకి ఉన్న మందుల్లో కొన్ని మనిషిని మగతలో ముంచేసేవి, కొన్ని ఒక రకం ఫిట్స్‌ని ఆపి ఇంకో రకాన్ని వదిలేసేవి. ఇది దాదాపు అన్ని రకాలకీ పనిచేసింది. బళ్లో కూర్చుని ఉన్నట్టుండి శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే పిల్లలు మళ్లీ పాఠం వినడం మొదలుపెట్టారు. ఒళ్లంతా బిగుసుకుని కింద పడిపోయే ఆడపిల్లలు చదువుకున్నారు, ఉద్యోగాలు చేశారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. నెల తప్పారు.

లియోన్, 1982. రోన్, సోన్ నదులు కలిసే ఊరు. అక్కడ ఎలిజబెత్ రోబెర్ అనే డాక్టరు ముందు కాగితాల దొంతర ఉంది. ఆ ప్రాంతంలో లోపాలతో పుట్టిన ప్రతి బిడ్డ వివరమూ ఆ రిజిస్టర్‌లోకి చేరుతుంది. ఆమె కళ్లు ఒక లోపం దగ్గరే ఆగుతున్నాయి. స్పైనా బైఫిడా. వెన్నెముక మూసుకోదు. వీపు మీద లోపలి నాడులు బయటికి తేలి ఉంటాయి. ఆ బిడ్డల తల్లులు ఏ మందులు వాడారో ఆమె వరసగా చూసుకుంటూ వెళ్లింది. ఒక తల్లికి మూర్ఛ. వాడింది వాల్‌ప్రోయేట్, గ్రెనోబుల్ ద్రవం నుంచి వచ్చిన మందే. కాగితాలు తిరుగుతున్నాయి. ఇంకో తల్లి. అదే మందు. ఇంకొకరు.

తొమ్మిది మంది తేలారు.

యాదృచ్ఛికం అనుకోవడానికి అది చాలా పెద్ద అంకె. ఆ అక్టోబరులోనే లాన్సెట్ పత్రికలో ఆమె ఉత్తరం వచ్చింది. వెంటనే మిగతా దేశాలూ తమ తమ లెక్కలు తిరగేశాయి. గర్భం మొదటి నెలల్లో ఈ మందు వాడితే వందలో ఒకరిద్దరు బిడ్డలకి వెన్నెముక మూసుకోదని తేలింది. ఇందులో గుండె గుభేలుమనే సంగతి ఇంకోటుంది. పిండంలో మెదడు, వెన్నుపాము మొదట ఒక సన్నటి గొట్టంలా తయారవుతాయి. ఆ గొట్టం మూసుకునేది గర్భం నిలిచిన ఇరవై ఎనిమిది రోజుల్లోపు. అప్పటికి తల్లికి నెల తప్పి రెండు వారాలే. తప్పిందో, ఆలస్యమైందో తేలకముందే జరగాల్సింది జరిగిపోతుంది.

ఎలా జరుగుతోంది? ఎవరికీ తెలియదు. మందు మెదడుని శాంతపరుస్తుంది. శాంతపరిచే మందు పిండం వీపునెందుకు చీలుస్తుంది? ఆ ప్రశ్న పందొమ్మిదేళ్లు అలాగే వేలాడింది.

ఫిలడెల్ఫియా, 2001. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో పీటర్ క్లైన్ ల్యాబ్. పెట్రీ గిన్నెల్లో ఆవగింజంత కప్ప పిండాలు. క్లైన్ వెతుకుతున్నది అసలు వేరే సంగతి. మనసు ఒకసారి ఆకాశానికి, ఒకసారి పాతాళానికి వెళ్లే బైపోలార్ జబ్బుకి లిథియం ఇస్తారు. అది కణం లోపల ఎక్కడ పనిచేస్తుందో అంతకుముందే ఆయన పట్టుకున్నాడు. వాల్‌ప్రోయేట్ కూడా అదే జబ్బుకి వాడతారు కాబట్టి, అదీ అదే దారిలో వెళ్తుందేమో చూద్దామనుకున్నారు. లిథియం మేల్కొలిపే జన్యువుల్నే వాల్‌ప్రోయేట్ కూడా మేల్కొలిపింది. తీరా చూస్తే దారి మాత్రం అది కాదు.

మరి ఏ దారి? ట్రైకోస్టాటిన్-ఎ అనే ఇంకో రసాయనం ఉంది. దాన్ని కప్ప పిండాలకి ఇస్తే పిండాలు ఒక పద్ధతిలో వంకర్లు పోతాయి. వాల్‌ప్రోయేట్ ఇచ్చిన పిండాల్ని పక్కన పెట్టి చూశారు. వంకర్లు అచ్చు అవే. ట్రైకోస్టాటిన్ ఏం చేస్తుందో సైన్సుకి బాగా తెలుసు.

కాస్త ఆగి కణం లోపలికి వెళ్లాలి. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉన్న డీఎన్ఏ ఒకటే. కాలి గోరు కణానికీ, కంటి కణానికీ అదే పుస్తకం. ఏ పేజీ చదవాలి, ఏ పేజీ మూయాలి అన్నదే తేడా. డీఎన్ఏ హిస్టోన్ అనే ప్రొటీన్ల చుట్టూ బిగుతుగా చుట్టుకుని ఉంటుంది. ఆ హిస్టోన్ తోకల మీద ఎసిటైల్ అనే చిన్న రసాయన గుర్తు పడితే చుట్టు సడలుతుంది, అక్కడి జన్యువు పనిలోకి దిగుతుంది. పని అయ్యాక ఆ గుర్తుని తుడిచేసే ఎంజైములుంటాయి. వాటి పేరు హెచ్‌డ్యాక్. గుర్తు తుడిస్తే చుట్టు బిగుస్తుంది, జన్యువు మూగబోతుంది. జన్యువు అక్షరం మారకుండానే దాని నోరు తెరిపించే, మూయించే ఈ ఏర్పాటునే ఎపిజెనెటిక్స్ అంటారు.

ట్రైకోస్టాటిన్ చేసే పని హెచ్‌డ్యాక్‌ని కట్టిపడేయడం. వాల్‌ప్రోయేట్ చేస్తున్నదీ అదే. రోగి నెత్తుట్లో మామూలుగా ఉండే మోతాదులోనే చేస్తోంది. ఇక్కడ క్లైన్ బృందం ఒక మెలిక పెట్టి చూసింది. వాల్‌ప్రోయేట్‌కి రసాయన దాయాదులు కొన్నున్నాయి. చూడ్డానికి దాదాపు అదే నిర్మాణం. కానీ పిండానికి హాని చేయవు. వాటిని హెచ్‌డ్యాక్ మీద ప్రయోగించారు. అవి హెచ్‌డ్యాక్‌ని ముట్టుకోనేలేదు. హాని చేసేదే పట్టుకుంటోంది, చేయనిది వదిలేస్తోంది. అదే ఏడాది జర్మనీలో ఇంకో బృందం కూడా ఇదే మాట చెప్పింది. ఇరవై ఏళ్లు పేరు దాచుకున్న దోషి దొరికాడు. కానీ వీపు కథే అయితే ఇక్కడితో ఆగిపోయేది. మెదడు కథ ఇంకా మొదలవలేదు.

కాలిఫోర్నియాలో లా హోయా. పసిఫిక్ సముద్రం అంచున సాల్క్ ఇన్‌స్టిట్యూట్. రెండు వరసల కాంక్రీటు భవనాలు, మధ్యలో సన్నటి నీటి కాలువ, దాని చివర సముద్రం. లోపల ఫ్రెడ్ గేజ్ ల్యాబ్‌లో జెన్నీ షే, కినిచి నకాషిమా అనే పరిశోధకులు ఎలుక మెదడు నుంచి తీసిన నాడీ మూలకణాల్ని పెంచుతున్నారు. మూలకణం ఇంకా ఏదీ కాదు, ఏదైనా కాగలదు. కబురు మోసే న్యూరాన్ కావచ్చు. న్యూరాన్లకి తోడుండి సాకే ఆస్ట్రోసైట్ కావచ్చు. న్యూరాన్ తీగలకి తొడుగు చుట్టే కణం కావచ్చు. గిన్నెలో వాల్‌ప్రోయేట్ వేశారు. అంతేకాదు, కణాలు ఆస్ట్రోసైట్ల వైపే మొగ్గేలా చేసే పదార్థాలు కూడా పోశారు. రంగులు వేసి మైక్రోస్కోప్ కింద పెట్టారు.

న్యూరాన్లు! ఎటు తోసినా వినకుండా న్యూరాన్లే అయ్యాయి. మిగతా రెండు దారులూ మూసుకుపోయాయి. న్యూరో-డి అనే జన్యువు గట్టిగా మేల్కొంది. 2004లో ఈ ఫలితం అచ్చయినప్పుడు ఒక ఆశ కూడా పుట్టింది. మందు పోస్తే కొత్త న్యూరాన్లు పుడుతున్నాయి, పాడైన మెదడుని బాగుచేసుకోవచ్చేమో! కానీ పాడైన మెదడు సంగతి సరే. ఇంకా కట్టుబడిలో ఉన్న మెదడులో ఇదే జరిగితే?

గర్భంలో మెదడు కట్టుబడికి ఒక వరస ఉంది. ముందు చెప్పుకున్న ఆ గొట్టం లోపలి గోడ వెంట మూలకణాలు గుంపుగా నిలబడి ఉంటాయి. మొదట అవి తమలాంటి కణాల్నే పుట్టిస్తూ సంఖ్య పెంచుకుంటాయి, తర్వాత ఒక్కొక్కటీ చీలి ఒక బిడ్డని న్యూరాన్‌గా పైకి పంపి ఇంకో బిడ్డని మూలకణంగానే అట్టిపెట్టుకుంటాయి, ఆ న్యూరాన్లు పాత న్యూరాన్లని దాటుకుంటూ పైపైకి పాకి పొరలు పొరలుగా సర్దుకుంటాయి, అంతా అయ్యాక, బాగా ఆలస్యంగా, మూలకణాలు పని మార్చుకుని ఆస్ట్రోసైట్లని తయారుచేయడం మొదలుపెడతాయి. పెద్దయ్యేసరికి మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లుంటాయి. ఇప్పుడేది, తర్వాతేది అని ఆ కణాలకి చెబుతున్నదెవరు?

నకాషిమాకి ఆ జవాబులో ఒక ముక్క ముందే తెలుసు. అమెరికా పనికి ముందే జపాన్‌లో తోటివాళ్లతో కలిసి చిట్టెలుక పిండాల్లో ఆయన ఒక జన్యువుని గమనించాడు. అది ఆస్ట్రోసైట్ కావడానికి కావాల్సిన జన్యువు. దాన్ని మేల్కొలిపే చోట డీఎన్ఏ మీద మిథైల్ అనే గుర్తు పడి ఉంది. పదకొండో రోజు దాటాక చూస్తే తాళం వేసి ఉంది. పధ్నాలుగో రోజు దాటాక చూస్తే గుర్తు ఊడిపోయి ఉంది. ఎవరు ఎంత పిలిచినా గుర్తు ఊడేదాకా ఆ కణం ఆస్ట్రోసైట్ కాదు. 2009లో టోక్యో యూనివర్సిటీలో యుకికో గోతో బృందం దీనికి రెండో వైపు చూపించింది. న్యూరాన్లని పుట్టించే జన్యువుల మీద పాలీకోంబ్ అనే ప్రొటీన్ల గుంపు మెల్లమెల్లగా మూత వేస్తూ వస్తుంది. ఆ మూత తీసేస్తే కణాలు ఆగాల్సిన చోట ఆగకుండా న్యూరాన్లనే పుట్టిస్తూ పోతాయి. అంటే గడియారం ఎక్కడో లేదు. ఆ గుర్తులే గడియారం. వాల్‌ప్రోయేట్ వేలు పెట్టింది సరిగ్గా ఆ గడియారంలోనే.

ఫుకువోకా, క్యుషు యూనివర్సిటీ. నకాషిమా ల్యాబ్‌లో బెర్రీ జులియాండి అనే ఇండోనేషియా పరిశోధకుడు గర్భంతో ఉన్న చిట్టెలుకలకి వాల్‌ప్రోయేట్ ఇచ్చాడు. సరిగ్గా పిండాల మెదడులో న్యూరాన్లు పుట్టే రోజుల్లో. తర్వాత పిండాల మెదడు చూశారు. గర్భంలో తగిలితే పిల్లల తెలివి తగ్గిస్తుందన్న మాట అప్పటికే ఉన్న మందు కదా, న్యూరాన్లు తగ్గి ఉండాలి.

తగ్గలేదు. పెరిగాయి.

మరి నష్టమెక్కడ? పిండాల్ని అక్కడితో వదలకుండా, పుట్టి పెద్దవయ్యేదాకా ఆగారు. అప్పుడు బయటపడింది. మెదడులో హిప్పోక్యాంపస్ అనే చోట జ్ఞాపకాలకి కొత్త న్యూరాన్లు ఎలుక పెద్దయ్యాక కూడా పుడుతూ ఉండాలి. వాటిని పుట్టించే మూలకణాల నిల్వ ఈ ఎలుకల్లో తరిగిపోయింది. కొత్త న్యూరాన్లు తగ్గాయి. నేర్చుకోవడానికి, గుర్తుంచుకోవడానికి పెట్టిన పరీక్షల్లో వెనకబడ్డాయి. వచ్చే సాలుకి దాచిన విత్తనపు వడ్లని ఈ పండక్కే దంచి వండేసినట్టయింది. పండగ రోజు గిన్నె నిండుగానే కనిపించింది.

ఆ ప్రయోగంలో ఇంకో మలుపుంది. కొన్ని ఎలుకల బోనుల్లో పరుగు చక్రం పెట్టారు. బలవంతమేమీ లేదు. ఎలుకలు రాత్రిళ్లు తిరిగే జాతి కదా, వాటంతట అవే ఎక్కి పరిగెత్తాయి. మళ్లీ పరీక్ష పెట్టారు. కొత్త న్యూరాన్లు పెరిగాయి. వెనకబడిన జ్ఞాపకశక్తి మెరుగుపడింది. 2015లో ఈ ఫలితం వచ్చింది. ఎలుకకి పనిచేసిన చక్రం మనిషికి పనిచేస్తుందని దీని అర్థం కాదు. కానీ గర్భంలో పడిన దెబ్బ శిలాశాసనమేమీ కాదని కాస్త ఊపిరి ఆడింది.

మనుషుల్లో మాత్రం అప్పటికే అంకెలు వచ్చేశాయి. 1999లో అమెరికా, బ్రిటన్ ఆసుపత్రులు కలిసి ఒక అధ్యయనం మొదలుపెట్టాయి. మూర్ఛ ఉన్న గర్భిణులు వాడుతున్న నాలుగు మందుల్ని తీసుకుని, పుట్టిన పిల్లల్ని ఏళ్ల తరబడి వెంటపడి చూశారు. కింఫర్డ్ మీడర్ అనే న్యూరాలజిస్టు దానికి పెద్ద. పిల్లలకి ఆరేళ్లు నిండాక తెలివితేటల పరీక్ష పెట్టారు. మిగతా మూడు మందుల పిల్లల సగటు ఐక్యూ 105, 108, 108. వాల్‌ప్రోయేట్ పిల్లలది 97. 2013లో డెన్మార్క్ ఆరున్నర లక్షలకి పైగా పిల్లల రికార్డులు తిరగేసింది. మొత్తం పిల్లల్లో ఆటిజం రకం సమస్యలు నూటికి ఒకటిన్నర. గర్భంలో వాల్‌ప్రోయేట్ తగిలిన పిల్లల్లో 4.42. ఇదంతా బయటికొచ్చేసరికి మందు మార్కెట్లోకి వచ్చి నలభై ఏళ్లు దాటిపోయింది.

ఈ నలభై ఏళ్లూ చెప్పాల్సినవాళ్లు ఏం చెప్పారు? ఫ్రాన్స్ దక్షిణాన మరీన్ మార్టాన్ అనే తల్లి ఉంది. చిన్నప్పటి నుంచీ మూర్ఛ, చిన్నప్పటి నుంచీ ఈ మందే. ఇద్దరు పిల్లలు. ఇద్దరికీ సమస్యలే. ఎందుకో చెప్పినవాళ్లు లేరు. 2009లో ఆమే వెతుక్కుంటూ వెళ్లి ఇంటర్నెట్లో ఆ సంబంధం చదివింది. కూలబడి ఊరుకోలేదు. 2011లో తనలాంటి తల్లుల్ని కూడగట్టి సంఘం పెట్టింది. కోర్టుకెళ్లింది. ప్రభుత్వం లెక్క తీయక తప్పలేదు. 1967 నుంచి 2016 వరకు ఈ మందు వల్ల పెద్ద లోపాలతో పుట్టిన పిల్లలు ఫ్రాన్స్‌లోనే 2,150 నుంచి 4,100 మంది ఉంటారని 2017లో అక్కడి అధికారులు అంచనా కట్టారు. ఎదుగుదలలో వెనకబడ్డ పిల్లలు ఆ లెక్కలో లేరు. వాళ్లు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. బ్రిటన్‌లో 2020లో బారనెస్ కంబర్‌లెజ్ కమిటీ కూడా ఒక మాట తేల్చింది: ప్రమాదం తెలిశాక కూడా ఆ సంగతి తల్లుల చెవిన పడలేదు. ల్యాబ్‌లో కప్ప పిండాలకి తెలిసిన సంగతి ప్రసవానికి వెళ్లే మనిషికి తెలియకపోవడాన్ని ఇంకే మాటతో చెప్పినా తక్కువే.

2018లో యూరప్ నిబంధనలు బిగించింది. గర్భం రాకుండా గట్టి ఏర్పాటు ఉంటే తప్ప పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లకి ఈ మందు రాయకూడదు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ వయసు అమ్మాయిలకి, ఆడవాళ్లకి వాల్‌ప్రోయేట్ మొదలుపెట్టొద్దని గట్టిగా చెప్పింది. గర్భంలో ఈ మందు తగిలిన పిల్లల్లో పదిమందిలో ఒకరికి పెద్ద లోపం, పదిమందిలో ముగ్గురు నలుగురికి ఎదుగుదల సమస్యలు ఉండొచ్చన్నది ఇప్పుడు డాక్టర్లంతా ఒప్పుకునే లెక్క.

ఈ మందు మన ఊళ్లలోనూ ఉంది. వాల్పరిన్, ఎన్‌కోరేట్ లాంటి పేర్లతో ప్రతి మందుల షాపులో దొరుకుతుంది. ఫిట్స్‌కే కాదు, బైపోలార్‌కి, కొందరికి మైగ్రేన్ తలనొప్పికి కూడా రాస్తారు. చాలా మందికి ఇది ప్రాణం నిలిపిన మందు. కాబట్టి ఇది చదివి ఎవరూ ఈ రాత్రే మాత్ర మానేయొద్దు. ఉన్నపళాన మానేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చి తల్లి ప్రాణానికే ముప్పు. ఇంట్లో ఈ మాత్ర వాడే అమ్మాయి ఉంటే, పెళ్లి మాటలు మొదలైనప్పుడే, పిల్లల గురించి ఆలోచన రాకముందే న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. లామోట్రిజిన్, లెవెటిరాసిటామ్ లాంటివి పిండానికి దీనికంటే చాలా తక్కువ ప్రమాదమున్న మందులు. మార్చడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఫోలిక్ యాసిడ్ మాత్రలు గర్భానికి ముందు నుంచే మొదలుపెట్టాలి. అయితే అవి వేసుకుంటే వాల్‌ప్రోయేట్ ప్రమాదం పోతుందనుకోవద్దు. ఫిట్స్ సంగతి పెళ్లివారికి తెలిసిపోతుందని దాచేసి, ఆ మాటతోపాటు మందు పేరూ దాచేసి, గైనకాలజిస్టుకి కూడా చెప్పని ఇళ్లు మన దగ్గర ఉన్నాయి. అక్కడైనా చెప్పండి. మాత్రల అట్ట వెంట పట్టుకెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టండి.